బొగ్గుగని కార్మికుని కూతురు: లొరెట్టా లిన్ గానచరిత్ర

పాట పుట్టేది ఒకచోట, వినబడేది మరొకచోట. ఈ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని పూర్వం గాయకుడే నడిచి దాటేవాడు. ఊరూరా తిరిగి, తిరునాళ్లలోనో, విందుల వద్దనో పాడి, తన కంఠాన్ని తానే మోసుకొని పోయేవాడు. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ బరువును గ్రామఫోను రికార్డూ, రేడియో పంచుకొన్నాయి. గాయకుడు ఇంట ఉండగానే అతని పాట దేశాటనం చేయసాగింది. అయితే ఈ సౌకర్యంతోపాటు ఒక కొత్త చిక్కు కూడా వచ్చింది. పూర్వం పాట బాగోగులను ఎదుట కూర్చున్నవారే తేల్చేవారు. రేడియో వచ్చిన తరువాత, పాట శ్రోతల చెవిని చేరడానికి ముందే, ప్రసారకేంద్రంలోని ఎవరో ఒకరు దానిని విని, వినిపించదగినదే అని అంగీకరించవలసి వచ్చింది. ఆ అంగీకారం ఒక జీవితాన్ని ఎంత దూరం తీసుకొని పోగలదు? ఆ నిరాకరణ ఒక కంఠాన్ని ఎంతకాలం ఆపగలదు? రేడియోలో పనిచేసే మమ్మల్ని ఈ ప్రశ్నలు తరచు వెంటాడుతూనే ఉంటాయి. వాటికి సమాధానం వెదుకుతూ అమెరికా దేశపు గాయని లొరెట్టా లిన్ చరిత్రను ఇక్కడ పరిశీలిస్తున్నాము.

అమెరికావారు ‘కంట్రీ మ్యూజిక్’ అని పిలిచే సంగీతాన్ని పల్లెసంగీతం అని మనం చెప్పుకోవచ్చును. అపలాచియన్ పర్వతశ్రేణి, దానిని ఆనుకొని ఉన్న దక్షిణ రాష్ట్రాలు దానికి పుట్టిళ్లు. బ్రిటిషు ద్వీపాల నుండి వలసవచ్చిన రైతులు తమ వెంట కథాగేయాలను, ఫిడేలు వరుసలను తెచ్చుకొన్నారు. ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారు బాంజో వాద్యాన్ని, తమ లయలను ఆ గడ్డకు ఇచ్చారు. ఆదివారపు ప్రార్థనలలోని భక్తిగీతాలు వీటితో కలిశాయి. ఇంత కలయిక జరిగినా, చాలాకాలం ఆ సంగీతం కొండలు దాటి రాలేదు. 1927 వేసవిలో రాల్ఫ్ పీర్ అనే ధ్వనిముద్రణ నిర్వాహకుడు టెన్నెసీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దున ఉన్న బ్రిస్టల్ పట్టణంలో యంత్రాలను అమర్చి, చుట్టుపక్కల గాయకులను రమ్మని పిలిచాడు. జిమ్మీ రాడ్జర్స్, కార్టర్ కుటుంబంవారు తొలిసారిగా రికార్డులకు ఎక్కింది అక్కడనే. అది మొదలు పల్లెపాటకు వ్యాపార విలువ కూడా ఉన్నదని నగరవాసులు గ్రహించారు.

ఆ రోజులలోనే రేడియో కూడా ఆ సంగీతాన్ని చేరదీసింది. టెన్నెసీ రాష్ట్రపు ముఖ్యనగరమైన నాష్‌విల్‌లో ఒక జీవితబీమా కంపెనీవారు 1925 అక్టోబరులో డబ్ల్యు.ఎస్.ఎమ్. అనే ప్రసారకేంద్రాన్ని నెలకొల్పారు. లక్షలాది జనానికి తాము రక్షణ ఇస్తున్నామనే అర్థం వచ్చే కంపెనీ నినాదంలోని మొదటి అక్షరాలే ఆ పేరు. అదే సంవత్సరం నవంబరు 28వ తేదీ శనివారం రాత్రి జార్జ్ హే అనే ప్రకటనకర్త, డెబ్బది యేడులు దాటిన అంకుల్ జిమ్మీ థాంప్సన్ అనే ఫిడేలు విద్వాంసుని మైకు ముందు కూర్చుండబెట్టాడు. ఆ రాత్రి ఆరంభమైన శనివారపు పల్లెసంగీత కార్యక్రమం 2025లో నూరేళ్లు పూర్తి చేసుకొన్నది. దానికి ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ అనే పేరు 1927లో వచ్చింది. అంతకు ముందు గంటలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, ఆపెరా ప్రసారమయ్యేవి. మీరు ఇంతవరకు విన్నది ఆపెరా, ఇక వినబోయేది మా పల్లెటూరి ‘ఆప్రీ’ అనే అర్థంలో హే చమత్కరించాడు. ఆ హాస్యమే స్థిరనామమైంది.

1932లో డబ్ల్యు.ఎస్.ఎమ్. కేంద్రం తన ప్రసారశక్తిని 50 కిలోవాట్లకు పెంచి, నగరం వెలుపల బ్రెంట్‌వుడ్‌లో 878 అడుగుల ఎత్తుగల స్తంభాన్ని నిలబెట్టింది. మధ్య తరంగాల స్వభావం మన శ్రోతలలో చాలమందికి అనుభవంలో ఉన్నదే. పగటివేళ అవి నేలను అంటిపెట్టుకొని కొంతదూరమే పోతాయి. చీకటి పడిన తరువాత పై వాతావరణంలోని విద్యుదావేశపు పొరకు తగిలి, పరావర్తనం చెంది, వందల మైళ్ల అవతల నేలకు దిగుతాయి. ఆ కారణాన శనివారం రాత్రి నాష్‌విల్‌లో మ్రోగిన ఫిడేలు కెంటకీ కొండలలోను, అలబామా పత్తిచేలలోను, ఒహాయో కర్మాగారాల వాడలలోను ఒకేసారి వినబడేది. ఇంటికి కరెంటు లేకపోయినా బ్యాటరీ రేడియో ఉంటే చాలును.

ఆ స్తంభం లేచిన 1932వ సంవత్సరంలోనే, ఏప్రిల్ 14వ తేదీన, కెంటకీ రాష్ట్రంలోని బుచర్ హాలో అనే కొండలోయలో లొరెట్టా వెబ్ జన్మించింది. దగ్గరలోని ఊరు వాన్ లియర్. అది బొగ్గు కంపెనీ కట్టించిన ఊరు. ఇళ్లు కంపెనీవి, అంగడి కంపెనీది. ఆ ప్రాంతపు గనులలో కూలి డాలర్లకు బదులు కంపెనీ ముద్రించిన చీటీలలో ఇవ్వడం, ఆ చీటీలు కంపెనీ అంగడిలో మాత్రమే చెల్లడం ఆనాటి వాడుక. తండ్రి టెడ్ వెబ్ రాత్రివేళ గనిలో బొగ్గు త్రవ్వి, పగలు కొండవాలున ఉన్న చిన్నచేనును సాగుచేసేవాడు. ఎనిమిదిమంది సంతానంలో లొరెట్టా రెండవది. తల్లి క్లారా చలిగాలి చొరకుండా కొయ్యగోడలకు పత్రికల కాగితాలను అంటించేది. ఆ కాగితాలలో బొమ్మగా కనబడిన సినిమానటి లొరెట్టా యంగ్ పేరే ఈ పిల్లకు పెట్టారు. తమ్ములను, చెల్లెళ్లను ఊయలలూపి నిద్రపుచ్చుతూ పాడడమే ఆ బాలిక నేర్చిన తొలి సంగీతవిద్య.

ఆ ఇంటికి ఒక ఫిల్కో బ్యాటరీ రేడియో వచ్చింది. బ్యాటరీ కొనడం ఆ కుటుంబానికి చిన్న ఖర్చు కాదు. కనుక వారమంతా పొదుపుగా వాడి, శనివారం రాత్రి నాష్‌విల్ కార్యక్రమానికై నిలువ ఉంచుకొనేవారు. బీదకుటుంబం ఒకటి ధాన్యాన్ని కొలిచినట్లు శబ్దాన్ని కొలిచి వాడుకొన్నదన్న మాట. ఎర్నెస్ట్ టబ్ కంఠాన్ని, కొండప్రాంతపు గాయని మాలీ ఓడే కంఠాన్ని లొరెట్టా ఆ పెట్టె ద్వారానే విన్నది. తన భాషలో, తన యాసలో, తన ఇంటివంటి ఇళ్లను గూర్చి ఎవరో దూరాన పాడుతున్నారని ఆమెకు తెలిసింది. కాని తానూ ఒకనాడు ఆ పెట్టెలోనుండి పాడవచ్చుననే ఊహ ఆనాడు ఆమెకు లేదు. ఆ లోయలో ఆడపిల్లకు ఉన్న దారి పెళ్లి ఒక్కటే.

ఆ పెళ్లి 1948 జనవరిలో జరిగింది. వరుడు ఆలివర్ లిన్, సైన్యంలో పనిచేసి తిరిగివచ్చిన యువకుడు. 1976లో వెలువడిన తన ఆత్మకథలో అప్పటికి తన వయస్సు పదమూడేండ్లని లొరెట్టా చెప్పింది. లోకం ముప్పదియారేళ్లు ఆ మాటనే నమ్మింది. 2012లో ఒక వార్తాసంస్థ జననధ్రువపత్రాన్ని వెలికితీయగా, ఆనాటికి ఆమెకు పదునైదు నిండాయని తేలింది. రెండేళ్ల తేడా చరిత్రకారునికి అవసరమే. కాని ఆమె చెప్పిన కథలోని బరువు దానివల్ల పెద్దగా తగ్గదు. పదునైదేండ్ల ప్రాయంలో పెళ్లి, పదహారులో మాతృత్వం ఆమెకు ప్రాప్తించాయి. గర్భవతిగా ఉండగానే ఆమె భర్తతో కూడా దేశానికి అవతలి కొసన, పసిఫిక్ తీరాన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలోని కస్టర్ గ్రామానికి తరలిపోయింది. పుట్టింటికి అది రెండువేల మైళ్లకు పైబడిన దూరం. భర్త అడవులలో దుంగలు కొట్టే పనిలో చేరాడు. ఆమె పొలాలలో స్ట్రాబెరీ పండ్లు కోస్తూ, ఇతరుల ఇళ్లలో పనిచేస్తూ నలుగురు బిడ్డలను సాకింది.

ఆమెలోని గాయనిని ముందుగా గుర్తించినది భర్తయే. పిల్లలను జోకొడుతూ ఆమె పాడే పాటలను విని, 1953లో పదునేడు డాలర్లు పెట్టి ఒక హార్మనీ గిటారు కొని తెచ్చాడు. ఆయన త్రాగుబోతు. పరస్త్రీల పొత్తు కూడా ఉన్నదని ఆమె స్వయంగా వ్రాసుకొన్నది. ఆ సంసారంలో కన్నీళ్లకు కొదువలేదు. అయినా నీవు పాడగలవు అని మొదట అన్నవాడు ఆయనేనని ఆమె కడవరకు చెబుతూ వచ్చింది. గురువు లేకుండా, పిల్లలు నిద్రించిన వేళల తీగలను సవరించుకొంటూ ఆమె తానే వాద్యాన్ని నేర్చుకొన్నది. తరువాత సోదరునితో కలిసి ఒక చిన్న బృందాన్ని కట్టి, ఆ ప్రాంతపు నృత్యశాలలలో పాడింది. టకోమా నగరంలో బక్ ఓవెన్స్ నిర్వహించిన టెలివిజన్ కార్యక్రమంలో ఆమె పాడగా విని, కెనడాకు చెందిన నార్మ్ బర్లీ అనే కలప వ్యాపారి ముగ్ధుడయ్యాడు. ఆమె పాటను రికార్డు చేయించడానికి ధనసహాయం చేశాడు. జీరో రికార్డ్స్ అనే ఆ చిన్న కంపెనీ ఈ విధంగా రంగంలోకి వచ్చింది.

1960 ఫిబ్రవరిలో హాలీవుడ్‌లో తొలి ధ్వనిముద్రణ జరిగింది. పాట ‘అయామ్ ఎ హాంకీ టాంక్ గర్ల్’. ప్రేమలో మోసపోయి మధుశాలల పాలైన ఒక స్త్రీ తన గోడు చెప్పుకొనడం అందులోని వస్తువు, రచన ఆమెదే. రికార్డు సిద్ధమైంది. కాని దానిని అంగళ్లకు చేర్చే ప్రతినిధులు లేరు, పత్రికలలో ప్రకటనలకు డబ్బు లేదు. పెద్ద కంపెనీలు ఇట్టి పనులకు ప్రత్యేక సిబ్బందిని పెట్టుకొనే కాలమది. లిన్ దంపతులు తామే ఆ సిబ్బంది అయ్యారు. రికార్డులను, ఆమె ఛాయాచిత్రాన్ని అట్టలలో చుట్టి దేశంలోని రేడియో కేంద్రాలకు తపాలా ద్వారా పంపారు. అంతటితో తృప్తిపడక, పిల్లలను బంధువుల వద్ద విడిచి, పాతకారు ఎక్కి, వాషింగ్టన్ రాష్ట్రం నుండి నాష్‌విల్ దిశగా బయలుదేరారు.

ఈ ప్రయాణం పల్లెసంగీత చరిత్రలో ఒక ప్రసిద్ధఘట్టం. దారిలో రేడియో కేంద్రం కనబడిన ప్రతిచోటా ఆగేవారు. ఆమె రికార్డు చేతబట్టుకొని లోపలికి పోయి, రికార్డులను వినిపించే వ్యాఖ్యాతను కలిసి, దయచేసి ఒక్కసారి వినమని అడిగేది. రాత్రులు కారులోనే నిద్ర, రొట్టెముక్కలే భోజనం. ఆనాటి చిన్నపట్టణాల కేంద్రాలలో ఒకే మనిషి వార్తలు చదివి, ప్రకటనలు చెప్పి, పాటలను ఎన్నుకొనేవాడు. అతనికి ఇష్టమైతే ఆ నిమిషంలోనే పాట గాలికెక్కేది. ఈ సంప్రదాయంలో లోపాలు లేకపోలేదు. డబ్బు పుచ్చుకొని పాటలు వినిపించే వ్యాఖ్యాతలను గూర్చి అమెరికా కాంగ్రెసువారు విచారణ జరిపింది ఆ 1960లోనే. అయినా ఒక పేదరాలు తలుపు తట్టి లోనికి రాగల వెసులుబాటు ఆ పద్ధతిలో ఉండేది. అర్జీలు, సిఫారసులు, ఒప్పందపత్రాలు లేకుండా, పాట ఒక్కటే సాక్ష్యంగా ఆమె నిలబడగలిగింది.

మా వృత్తిలో ఉన్నవారికి ఈ దృశ్యం కొంత కలవరం కలిగించేదే. ప్రసారకేంద్రానికి అపరిచితుల నుండి వచ్చే రచనలకు, పాటలకు లెక్కలేదు. వాటిలో అనేకం నిరాకరించదగినవే. సమయం పరిమితమైనది, శ్రోతల సహనం అంతకంటె పరిమితమైనది. కాని నిరాకరించడానికైనా ముందు వినవలసి ఉంటుంది. 1960 వేసవిలో ఎవరో కొందరు వ్యాఖ్యాతలు, పేరు వినని కంపెనీ ముద్రించిన, పేరు వినని స్త్రీ పాడిన ఆ పలకను యంత్రంమీద పెట్టి సూదిని దించారు. అనేక కేంద్రాలలో పాట వినబడింది. శ్రోతలు మళ్లీ అడిగారు. బిల్‌బోర్డ్ వారపత్రికవారి పల్లెపాటల పట్టికలో అది 14వ స్థానానికి ఎక్కింది. సూదిని దించిన ఆ వ్యాఖ్యాతలలో చాలమంది పేర్లు ఏ చరిత్రగ్రంథంలోను లేవు.

1960 అక్టోబరు 15వ తేదీ శనివారం రాత్రి లొరెట్టా లిన్ నాష్‌విల్‌లోని రైమన్ మందిరంలో ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ వేదికమీద తొలిసారి పాడింది. ఏ కేంద్రపు ప్రసారానికై బుచర్ హాలోలో బ్యాటరీని దాచుకొన్నారో, ఆ కేంద్రం నుండే ఆమె కంఠం కొండలకు తిరిగివెళ్లింది. కాని తండ్రి దానిని వినలేదు. గనిలోని బొగ్గుధూళి ఊపిరితిత్తులను పాడుచేయగా, పని మానుకొని, ఏబది రెండేళ్ల వయస్సులో 1959లోనే ఆయన మరణించాడు. కూతురి తొలిరికార్డు ఆ మరునాటి ఏడుగాని వెలువడలేదు.

నాష్‌విల్‌లో ఆమెకు మార్గం చూపినవారిలో పాట్సీ క్లైన్ అనే సుప్రసిద్ధ గాయని ఒకరు. వీరి స్నేహానికి కూడా రేడియోయే కారణమైంది. 1961 జూన్‌లో మోటారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడి పాట్సీ ఆసుపత్రిలో ఉన్నది. ఎర్నెస్ట్ టబ్ తన రికార్డుల అంగడి నుండి శనివారం అర్ధరాత్రి జరిపే రేడియో కార్యక్రమంలో లొరెట్టా పాట్సీ పాటనే పాడి, ఆమెకు అంకితం చేసింది. పడకమీద నుండి ఆ పాట విన్న పాట్సీ, ఆ పిల్లను పిలుచుకొని రమ్మని తన భర్తను పంపించింది. వేదికమీద నిలబడే తీరు, దుస్తులు, పారితోషికపు బేరసారాలు, ఇవన్నీ ఆమె లొరెట్టాకు అక్కవలె నేర్పింది. 1963 మార్చిలో విమానప్రమాదంలో పాట్సీ మరణించింది. మరుసటి సంవత్సరం తనకు పుట్టిన కవలలలో ఒకతెకు లొరెట్టా ఆమె పేరు పెట్టుకొన్నది.

ఈలోగా పెద్ద కంపెనీయైన డెక్కాతో ఒప్పందం కుదిరింది. ఓవెన్ బ్రాడ్లీ అనే నిర్మాత ఆమె కొండయాసను దిద్దబోక, దాని సహజత్వాన్ని అట్లే నిలిపి, చుట్టూ పొందికైన వాద్యసహకారాన్ని కూర్చాడు. 1962లో ‘సక్సెస్’ అనే పాట పట్టికలో మొదటి పదింటిలో చేరింది. అదే సంవత్సరం సెప్టెంబరులో ఆమె ఆప్రీ సభ్యురాలైంది. 1966లో వచ్చిన ‘డియర్ అంకుల్ సామ్’ వియత్నాం యుద్ధానికి పోయిన సైనికుని భార్య గోడును వినిపించింది. త్రాగి ఇంటికి వచ్చే మగనిని గుమ్మంలోనే నిలవేసే ఇల్లాలి పాట 1967 ఆరంభంలో మొదటిస్థానం చేరింది. ఆమెకు అట్టి గౌరవం దక్కడం అదే ప్రథమం. ఆ యేడే పల్లెసంగీత సంఘంవారు తొలిసారిగా నెలకొల్పిన ఉత్తమ గాయని బహుమతి ఆమెకు లభించింది.

ఈ పాటల విశేషమేమిటి? అంతకుముందు పల్లెసంగీతంలో స్త్రీ గొంతు లేకపోలేదు. 1952లో కిట్టీ వెల్స్ అనే గాయని, స్త్రీల పతనానికి పురుషులు బాధ్యులు కారా అని ప్రశ్నించే పాట పాడి, పల్లెపాటల పట్టికలో మొదటిస్థానం పొందిన తొలి స్త్రీగా నిలిచింది. ఆ పాటను ఎన్.బి.సి. ప్రసారసంస్థ నిషేధించింది కూడా. కాని ఆ పాటను ఆమెకు వ్రాసి ఇచ్చినది ఒక పురుషుడు. లొరెట్టా తన పాటలలో పెక్కింటిని తానే వ్రాసుకొన్నది. ఆమె పాటలలోని స్త్రీ కన్నీరు నింపి కూర్చుండదు. ఎదురు మాట్లాడుతుంది, నవ్విస్తుంది, అవసరమైతే చేయి చేసుకొంటానని బెదిరిస్తుంది. పచారీ అంగడిలో, బట్టలుతికే తొట్టివద్ద స్త్రీలు తమలో తాము చెప్పుకొనే మాటలు మైకు ముందుకు వచ్చాయి. ఆడవారు ప్రదర్శన ముగిసిన తరువాత ఆమె చుట్టూ చేరి, ఇది మా ఇంటి కథయే అని చెప్పేవారట.

1970లో వెలువడిన ‘కోల్ మైనర్స్ డాటర్’ ఆమె కీర్తికి శిఖరం. బొగ్గుగని కార్మికుని కూతుననే ఆ పాటలో తన ఇల్లు, తండ్రి రాత్రిపని, తల్లి చాకిరి, చలికాలంలో మాత్రమే అమరే చెప్పులు వరుసగా వస్తాయి. ఆమె వ్రాసిన చరణాలు ఇంకా ఎక్కువ. నిడివి మితిమీరినదని నిర్మాత చెప్పగా కొన్నింటిని తొలగించవలసి వచ్చింది. తన బాల్యంలో దేనిని ఉంచాలి, దేనిని తీసివేయాలి అని కత్తెరపట్టుకొని కూర్చోవలసివచ్చిన ఆ రచయిత్రి బాధ ఊహించదగినది. రికార్డుకూ, రేడియోకూ గడియారమే యజమాని. మేమూ ఆ యజమానికి దాసులమే గనుక, ఆ తొలగిన చరణాలను గూర్చి ఎవరినీ తప్పుపట్టలేము. మిగిలిన చరణాలే 1970 డిసెంబరులో పట్టికలో మొదటిస్థానం చేరాయి. 1972లో పల్లెసంగీత సంఘంవారు ఆ సంవత్సరపు అత్యుత్తమ కళాకారులుగా ఆమెను ఎన్నుకొన్నారు. ఆ పురస్కారం ఒక స్త్రీకి లభించడం అదే మొదటిసారి.

ఇంత గౌరవం పొందిన గాయనికి రేడియో తలుపులు మూతపడిన సందర్భం మూడేళ్లకే వచ్చింది. సంతాన నిరోధక మాత్రను అమెరికా ప్రభుత్వం 1960లో ఆమోదించింది. ఏటేటా ప్రసవాలతో అలసిపోయిన ఒక ఇల్లాలు ఆ మాత్రవల్ల తనకు చిక్కిన స్వేచ్ఛను భర్తకు హాస్యంగా ప్రకటించే ‘ది పిల్’ అనే పాటను లొరెట్టా 1972లో రికార్డు చేసింది. పాట ఇతరులు వ్రాసినదే, కాని ఆరుగురు బిడ్డల తల్లి పాడినప్పుడు ఆ మాటలకు వేరొక ప్రామాణ్యం కలిగింది. కంపెనీవారు మూడేండ్లు దానిని దాచి, 1975లో విడుదల చేశారు. వెంటనే అనేక రేడియో కేంద్రాలు దానిని వినిపించడానికి నిరాకరించాయి. కొన్ని చర్చిలలో మతబోధకులు దానిని ఖండించారు.

ఆ కేంద్రాల అధికారుల సంకటం మేము గ్రహించలేనిది కాదు. పుస్తకాన్ని కోరినవారే తెరుస్తారు. సినిమాకు ఇష్టమున్నవారే టిక్కెట్టు కొంటారు. రేడియో అట్లు కాదు. అది ఇంటి నడుమ కూర్చొని, తాతగారికీ మనుమరాలికీ ఒకేసారి మాట్లాడుతుంది. ఆ ఇంటి మర్యాదను పాటించవలసిన బాధ్యత ప్రసారకులకు నిజంగానే ఉన్నది. అయితే ఆ కేంద్రాలే మధుపానాన్ని, వ్యభిచారాన్ని వస్తువుగా చేసుకొని పురుషులు పాడిన పాటలను ఏండ్ల తరబడి ఆక్షేపణ లేకుండా వినిపించాయి. కాబట్టి ఈ నిరాకరణ ఇంటిమర్యాదను కాపాడడానికే జరిగినదని అనలేము. అదే ఇంటిలోని స్త్రీ తన శరీరాన్ని గూర్చి తానే మాట్లాడడం కొత్తగాను, ఇబ్బందిగాను తోచినందువల్ల జరిగినదని మా అభిప్రాయం. శ్రోతల తీర్పు వేరుగా వచ్చింది. రేడియోలో వినబడకపోయినా జనం రికార్డును కొన్నారు. పల్లెపాటల పట్టికలో అది 5వ స్థానం చేరింది. దేశవ్యాప్తమైన సామాన్య పట్టికలో 70వ స్థానానికి కూడా ఎక్కింది. వైద్యుల కరపత్రాలకంటె ఆ పాటయే పల్లెస్త్రీలకు ఎక్కువ తెలియజెప్పిందని గ్రామీణ వైద్యులు తనతో అన్నట్లు లొరెట్టా చెప్పుకొన్నది.

తరువాతి చరిత్ర లోకవిదితం. 1976లో పాత్రికేయుడు జార్జ్ వెస్సీ సహాయంతో ఆమె వ్రాసిన ఆత్మకథ, 1980లో దాని ఆధారంగా వచ్చిన చలనచిత్రం ఆమె పేరును పల్లెపాట వినని దేశాలకు కూడా చేర్చాయి. ఆమె పాత్రను ధరించి, పాటలను తానే పాడిన సిస్సీ స్పేసెక్‌కు ఉత్తమనటిగా ఆస్కార్ బహుమతి వచ్చింది. 1988లో ఆమె పల్లెసంగీత కీర్తిమందిరంలో చేర్చబడింది. 2004లో, డెబ్బది రెండేళ్ల వయస్సులో, జాక్ వైట్ అనే యువ రాక్ సంగీతకారుడు నిర్మాతగా ఆమె ‘వాన్ లియర్ రోజ్’ అనే ఆల్బమ్ వెలువరించింది. ఆ ఆల్బమ్‌కు గ్రామీ పురస్కారాలు రెండు లభించాయి. కాని పల్లెసంగీత రేడియో కేంద్రాలు దానిని అంతగా పట్టించుకోలేదు. అప్పటికి ఆ కేంద్రాలలో పాటల ఎంపిక చాలవరకు దూరాన ఉన్న పెద్దసంస్థల కార్యాలయాలకు మారింది. పాడేవారి వయస్సు కూడా ఎంపికలో లెక్కకు వచ్చింది. కారు దిగి తలుపు తట్టి వినిపించే అవకాశం ఇక ఎవరికీ మిగలలేదు. 2013లో అధ్యక్షుడు ఒబామా ఆమెకు దేశపు అత్యున్నత పౌరగౌరవమైన స్వేచ్ఛాపతకాన్ని ప్రదానం చేశారు. 2022 అక్టోబరు 4న టెన్నెసీలోని హరికేన్ మిల్స్‌లో, తన స్వగృహంలో, తొంబదేళ్ల వయస్సున ఆమె కన్నుమూసింది.

ఈ గాయని ఎదుగుదలకు ఆమె ప్రతిభ, శ్రమ ప్రధాన కారణాలని వేరుగా చెప్పనక్కరలేదు. అయినా ప్రతిభ, శ్రమ ఉన్నవారందరూ పైకి రాలేదు. బుచర్ హాలోవంటి లోయలు ఆ కొండలలో ఎన్నో ఉన్నాయి. పిల్లలను జోకొడుతూ చక్కగా పాడిన తల్లులు ఆ లోయలలో ఎందరో ఉండి ఉంటారు. వారిలో ఒక్కరి పాట మనదాకా రావడానికి ఒక భర్త పదునేడు డాలర్లు వెచ్చించాడు. ఒక వ్యాపారి సాహసించాడు. కొందరు అనామకులైన ప్రసారకులు మూడు నిమిషాలు ఓపికపట్టి విన్నారు. రేడియో కేంద్రాలవారి చేతిలో ఉన్న అధికారమంతా ఆ మూడు నిమిషాలలోనే ఉన్నది. దానిని కొందరు 1960లో వాడిన తీరూ, మరికొందరు 1975లో వాడిన తీరూ పైన చూచాము.

శ్రోతలకు కూడా ఇందులో ఒక భాగం ఉన్నది. ఆ తొలిపాట పట్టికకు ఎక్కడానికి, వినిపించిన వ్యాఖ్యాతలతోపాటు, ఆ పాట మళ్లీ వేయండి అని అడిగిన గృహస్థులూ కారణమే. మంచి కార్యక్రమం విన్నప్పుడు ఒక ఉత్తరం వ్రాయడం, ఎవరా గాయని అని అడగడం చిన్నపనిగా తోచవచ్చును. ఆ చిన్నపని వల్లనే కొన్ని కంఠాలు నిలుస్తాయి. శనివారం రాత్రికై బ్యాటరీని దాచుకొన్న ఆ గనికార్మికుని కుటుంబం వినడాన్ని ఎంత విలువైన పనిగా ఎంచిందో, అంత విలువైనదిగానే మనమూ ఎంచడం ఉచితం.